మూడెకరాల చెల్క ఆరుగురిని సాకుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర నాన్న పేరు మీద మూడెకరాల పది గుంటల ఎర్ర చెల్క (ఇసుక పాలు ఎక్కువున్న మెట్ట నేల), ఇంచున్నర పోసే బోరు ఒకటి ఉన్నాయి. మీకు హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. భార్య, ఇద్దరు పిల్లలు మీతో, అమ్మానాన్న ఊళ్లో. ఉగాదికి ఉద్యోగం మానేసి వచ్చి, మందులు లేకుండా పండించుకుని, ఉన్నదాంట్లో బతకాలని కోరిక. దోస్తులు డ్రాగన్ ఫ్రూట్ పెట్టమంటున్నారు, బావమరిది పది బర్రెలతో డెయిరీ అంటున్నాడు. ఏది మంచిది, అసలు ఆ భూమి మమ్మల్ని సాకుతుందా అని.

తమ్ముడూ, తిండి వరకు సాకుతుంది. ఆరుగురు కడుపునిండా తిన్నాక కొంత అమ్ముకోవడానికి కూడా మిగులుతుంది. పిల్లల ఫీజులు, ఆస్పత్రి ఖర్చులు, పెళ్లి పేరంటాలు కూడా ఆ మూడెకరాలే మోయాలంటే మాత్రం మోయదు. ఇంకో షరతు ఉంది. బోరు లేనట్టే అనుకుని, వాన మీదే మొత్తం లెక్క కట్టుకోవాలి. బోరు పోస్తే అది కొసరు. మాది కల్వకుర్తి దిక్కు. నేలా అదే, వానా ఇంచుమించు అంతే. మా చుట్టుపక్కల చితికిపోయిన ఇళ్లలో పంట పండక చితికినవి తక్కువ. రెండో బోరు, మూడో బోరు, వాటికోసం మిత్తికి తెచ్చిన పైసలు, ఆ నీళ్లను నమ్ముకుని పెట్టిన తోటలు, వీటితో చితికినవే ఎక్కువ. అందుకే నీళ్ల సంగతి ముందు చెప్తాను, కొంచెం పొడుగ్గానే చెప్తాను.

మన మెట్ట మండలాల్లో కాలం మంచిగైతే ఏడాదికి 600 నుంచి 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 600 మిల్లీమీటర్లంటే ఎకరా మీద 24 లక్షల లీటర్లు. మీ భూమి మొత్తం మీద 78 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే 1,500 ట్యాంకర్ల పైమాట. దీంట్లో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపు, అదీ కొన్ని పెద్ద వానల్లోనే పడిపోతుంది. చెల్క నేల పైన గట్టిపడి ఉంటుంది కాబట్టి పెద్ద వాన నీరు లోపలికి దిగేలోపే గెట్టు దాటి వాగులో కలుస్తుంది, పోతూ పోతూ మెత్తటి పైమట్టిని తీసుకుపోతుంది. కింద ఉన్నదేమో గ్రానైట్ రాయి. ఆ రాతి పగుళ్లలో నిలిచిన నీళ్లనే బోరు తోడుతుంది. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, అందుకే 800 అడుగులు దించినా చాలాచోట్ల దుమ్మే లేస్తుంది. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్ పెట్టి మోటారును దాని మానాన వదిలేయడం చాలామందికి అలవాటైంది. మీరు ఆపినా పక్కాయన తోడుతూనే ఉంటాడు, ఇద్దరిదీ ఒకే పగులు కావచ్చు. కాబట్టి మీ బోరు మీద మీకున్న హక్కు సగమే అనుకోండి.

మీరు పెట్టే మొదటి ఖర్చు వాన నీళ్లను ఆపడానికే పెట్టండి. ఎండాకాలంలో జేసీబీ పిలిపించి వాలుకు అడ్డంగా కందకాలు తీయించండి, మీటరు వెడల్పు, మీటరు లోతు. మూడెకరాలకు రెండు మూడు వరుసలు సరిపోతాయి. ఒకే పొడుగు కాలువలా తీయకుండా మధ్యమధ్యలో కట్టలు వదలండి, లేకపోతే నీరంతా ఒక మూలకు పారి తెగిపోతుంది. తీసిన మట్టిని దిగువ వైపు గట్టుగా పోసి, దాని మీద గిరిపుష్పం కొమ్మలు నాటండి. గ్లైరిసీడియా అని నర్సరీల్లో అడిగినా ఇస్తారు. ఏడాదికి రెండు మూడుసార్లు కొట్టి చేలో వేసుకునే ఆకు అక్కడే దొరుకుతుంది, గట్టూ కొట్టుకుపోదు. నీటి కుంట కావాలంటే ఉపాధి హామీలో అడగండి, పంచాయతీ పనుల జాబితాలో మీ పేరు ఎక్కించుకోవాలి. కుంటను భూమిలో అందరి కంటికీ కనిపించే మంచి చోట తవ్వించడం కొందరికి సరదా. అది నీరు సహజంగా వచ్చి చేరే పల్లపు మూలలోనే ఉండాలి.

ఇంకొకటి చెరువు మట్టి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మట్టి చెల్కలకు తోలుకున్న రైతులను అడిగి చూడండి. ఎర్ర చెల్కకు అంతకు మించిన మందు లేదని నా నమ్మకం. ఇసుక శాతం ఎక్కువున్న నేలలో ఆ ఒండ్రు కలిస్తే వానకూ వానకూ మధ్య ఎడం వచ్చినా పైరు ఇంకొన్ని రోజులు వాడకుండా నిలబడుతుంది. మీ ఊరి చెరువు ఎండిన ఏడాది, పంచాయతీ అనుమతితో, మీకు ట్రాక్టర్ కిరాయి ఎంత కుదిరితే అంత తోలించండి. ఒకేసారి మూడెకరాలకు చేయనక్కర్లేదు, ఏటా ఒక చెక్కకు వేసుకుంటూ పోవచ్చు. తోలే ముందు ఆ మట్టినీ, మీ నేల మట్టినీ కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో పరీక్షకు ఇవ్వండి. చౌడు మట్టి తోలుకుంటే తీయడం మన వల్ల కాదు.

తాగే నీళ్ల గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే మీది మర్రిగూడ. ఫ్లోరైడ్ ఏం చేస్తుందో మీ ఊళ్లో పెద్దవాళ్ల వంకర కాళ్లు, వంగిన నడుములు చూసే పెరిగి ఉంటారు. నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. కాచి చల్లార్చితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టుకున్నారు, కానీ ఇంట్లో రోజూ ఆ కొలతలు తప్పకుండా చేయడం కష్టం. పొలంలో ఇల్లు కట్టుకుంటే మిషన్ భగీరథ మంచినీళ్ల నల్లా అక్కడిదాకా రాకపోవచ్చు. అప్పుడు ఏం చేయాలంటే, ఇంటి పైకప్పు వాననే పట్టుకోవాలి. నూరు గజాల స్లాబు మీద 600 మిల్లీమీటర్ల వానకు 50 వేల లీటర్లు పడుతుంది, పోయింది పోగా 40 వేలు పట్టుకోవచ్చు. ఆరుగురికి తాగడానికి, వంటకు రోజుకు 40 లీటర్లు అనుకున్నా ఏడాదికి 15 వేల లీటర్లు చాలు. తొలి వానలు రెండు మూడు బయటికి వదిలేసి, తర్వాతివి బొగ్గు, ఇసుక, కంకర వేసిన ఫిల్టర్ గుండా మూత ఉన్న సంపులోకి పంపండి. వెలుతురు, దోమ లోపలికి పోకూడదు. ఇల్లు కట్టేటప్పుడే సంపు కట్టుకోండి, తర్వాత అంటే ఎవరూ కట్టరు. బోరు నీళ్లు పశువులకు, స్నానాలకు, చెట్లకు.

ఇక తిండి లెక్క. ఆరుగురిలో ఇద్దరు చిన్నపిల్లలు కాబట్టి నెలకు 50 కిలోల బియ్యం అనుకుందాం. రేషన్ కార్డుంటే మనిషికి 6 కిలోల చొప్పున 36 కిలోలు అక్కడే వస్తాయి, 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టాక ఇస్తున్నవి సన్నబియ్యమే. మీ కార్డు ఎక్కడుంది, పేర్లన్నీ ఎక్కాయా అన్నది చూసుకోండి. కొందరికి ఇది చిన్నతనంగా అనిపిస్తుంది, మా పొలం బియ్యమే తినాలి అంటారు. సరే, పూర్తిగా మీదే తినాలంటే ఏడాదికి 600 కిలోల బియ్యం, అంటే 9 క్వింటాళ్ల పైన వడ్లు కావాలి. ఎకరాకు 22 క్వింటాళ్లు పండితే 17 గుంటల మడి సరిపోతుంది, ఎకరాకు 40 గుంటలు కదా. వానాకాలంలో మాత్రమే వేయండి. యాసంగిలో వరి అన్న మాటే ఎత్తొద్దు. ఎకరా మడికి ఎండాకాలం రోజుకు 40 వేల లీటర్లు తాగిస్తే గానీ నిలవదు, ఇంచున్నర బోరుతో అది అయ్యే పని కాదు. నా మాట వింటే రేషన్ బియ్యం తినండి, మడి పది గుంటలకే ఆపండి, రాత్రిపూట జొన్నరొట్టెకు మళ్లండి. మన తాతలు వరి అన్నం పండుగనాడు తిన్నవాళ్లే. ఈ నేలకు కుదిరిన తిండి జొన్న గటక, సజ్జరొట్టె, కందిపప్పు, పుంటికూర. నేలకు కుదిరిన తిండి తింటే సగం పెట్టుబడి తగ్గుతుంది.

పప్పు నెలకు 5 కిలోలు అనుకోండి. ఏడాదికి 60 కిలోల పప్పుకు 85, 90 కిలోల కందులు కావాలి. వానాధారంగా ఎకరాకు 4 క్వింటాళ్లే వచ్చినా 9 గుంటల్లో వస్తాయి. నూనె నెలకు 4 లీటర్లయితే పల్లికాయ క్వింటాన్నర పైన గానుగ పట్టించాలి. యాసంగిలో పది గుంటలు తడిపితే అంత పండుతుంది, పిండి బర్రెకు పనికొస్తుంది. మిరప, పసుపు, ఎల్లిగడ్డ, ఉల్లి, ధనియాలకు రెండు గుంటలు. కూరగాయలకు ఐదారు గుంటలు, అదీ అన్నీ ఒకేసారి కాకుండా పక్షానికి ఒక మడి చొప్పున. చిక్కుడు, బీర, సొర, కాకర తీగలు కంచె మీద పాకించేస్తే స్థలం కలిసొస్తుంది. వానలు పడ్డాక గంగవాయిలి, చెంచలి, తోటకూర వాటంతట అవే లేస్తాయి. కలుపు పీకేటప్పుడు ఏది కూరకో ఏది గెట్టుకో అమ్మకు తెలుసు, మీ ఆవిడ ఆమె దగ్గర నేర్చుకుంటుంది, పిల్లలు ఇంకా తొందరగా నేర్చుకుంటారు.

చూశారా, ఆరుగురి తిండికి కావలసింది ఎకరా కూడా లేదు. మిగిలిన రెండెకరాల్లో ఏం వేయాలన్నదే అసలు ప్రశ్న.

ఒక ఎకరంలో జొన్న, కంది కలిపి వేయండి, రెండు సాళ్లు జొన్న, ఒక సాలు కంది. జొన్న గింజ కంటే మీకు చొప్ప ముఖ్యం. చొప్ప కుప్ప ఉంటే బర్రెకు ఎండాకాలం గడుస్తుంది. కందిలో పాలెం పరిశోధనా స్థానం వాళ్లిచ్చిన పీఆర్‌జీ 176 రకం, ఉజ్వల అని పిలుస్తారు, 130, 135 రోజుల్లో చేతికొస్తుంది. చెల్కలో తేమ అయిపోయేలోపు కాయ గట్టిపడాలంటే తక్కువ రోజుల రకమే మేలు. మృగశిర కార్తె వచ్చింది కదా అని జూన్ 8న విత్తనం పట్టుకుని బయల్దేరకండి. చెల్కలో 50, 60 మిల్లీమీటర్ల వాన పడి నేల పదునయ్యాకే విత్తండి. తొలకరి ముందే వస్తే పెసర. కాలం వెనకపడితే ఆముదం. మరీ వెనకపడి సెప్టెంబర్ దాకా పోతే ఉలవలు చల్లండి. ఉలవలకు ఆలస్యమైందన్న కోపం ఉండదు, చారుకూ వస్తుంది, ఎడ్లకూ వస్తుంది. ఇంకో 30 గుంటల్లో ఈ పంటలే ఏటా మార్చి మార్చి వేసుకోవచ్చు.

పత్తి గురించి నన్ను తిట్టమంటే నేను తిట్టను. దసరా తర్వాత చేతికి నగదు వచ్చేది దానితోనే, అందుకే ఊరంతా అదే వేస్తారు. సొంత పైసలతో, సొంత ఇంటి మనుషులతో, అర ఎకరం దాకా వేసుకుని మధ్యలో కంది సాళ్లు పెట్టుకుంటే తప్పు లేదు. మందుల దుకాణంలో ఖాతా పెట్టి, పంట అమ్మాక కడతానని తెచ్చుకునే పత్తి మాత్రం వద్దు. ఏ మందు కొట్టాలో, ఎన్నిసార్లు కొట్టాలో అప్పుడు దుకాణపాయన చెప్తాడు.

డ్రాగన్ ఫ్రూట్‌కు స్తంభాలకే ఎకరాకు లక్షలు పోయాలి. అందరూ పెట్టాక ధర ఎటు పోతుందో చెప్పలేం. వదిలేయండి. బత్తాయి అంటారేమో, నల్లగొండ పేరే బత్తాయితో ముడిపడింది, కానీ బోర్లు ఎండి చెట్లు కొట్టేసిన తోటలు మీ చుట్టూనే ఉన్నాయి. మీ భూమికి సీతాఫలం, చింత, ఉసిరి, రేగు, మునగ సరిపోతాయి. బాలానగర్ సీతాఫలం మన పాలమూరుదే, రెండేళ్లు బిందెతో నీళ్లు పోసి బతికిస్తే తర్వాత వాన మీదే కాస్తుంది, ఆకు మేకలు ముట్టవు. ఇవి ఒకే చోట తోటలా కాకుండా గెట్ల వెంట, కందకాల గట్ల వెంట పెట్టుకుంటే పంట భూమి తగ్గదు.

పది బర్రెల డెయిరీ సంగతి. ఒక పాడి బర్రెకు రోజుకు పాతిక ముప్ఫై కిలోల పచ్చిగడ్డి, ఐదారు కిలోల ఎండుమేత, తాగను కడగను కలిపి నూరు లీటర్ల దాకా నీళ్లు కావాలి. పది బర్రెలంటే రోజుకు వెయ్యి లీటర్ల దాకా నీళ్లు కొట్టంలోనే అయిపోతాయి, మేత బయట కొనాలి, దాణా బయట కొనాలి, బ్యాంకు కిస్తీ నెలనెలా కట్టాలి. బావమరిది మేనేజ్ చేస్తానంటే ఆయన భూమిలో పెట్టుకోమనండి. మీకు రెండు బర్రెలు చాలు, ఒకటి ఎండినప్పుడు ఇంకొకటి పాలిస్తుంది. ఆవు కావాలంటే అమ్రాబాద్ పొడ తూర్పు ఆవు మన ఎండలకు పుట్టిన జాతి. పాలు తక్కువ, ఎడ్లు మాత్రం గట్టివి. నాలుగు మేకలు, పది నాటుకోళ్లు చేతి ఖర్చుకు ఆసరా, అవసరం పడ్డ రోజు అంగడికి తోలుకుపోయి పైసలు చేసుకోవచ్చు. కోళ్లకు కొక్కెర రోగం టీకా, మేకలకు, గొర్లకు వానలకు ముందే చిటుక రోగం టీకా, బర్రెలకు గొంతువాపు టీకా మర్చిపోవద్దు. ఒక్క వారంలో కొట్టం ఖాళీ అయిన ఇళ్లు ఉన్నాయి. పశువుకు బాగా లేకపోతే 1962కు ఫోన్ చేస్తే సంచార వైద్యశాల వస్తుంది.

పెండ వృథా చేయకండి. రోజుకు 25 కిలోల పెండ ఉంటే ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాస్ నడుస్తుంది, నలుగురికి వంట అవుతుంది, మీ ఇంటికి సిలిండర్ అప్పుడప్పుడే అవసరం పడుతుంది. బయటికొచ్చే స్లర్రీ పెంటకుప్ప కంటే మంచి ఎరువు. జీవామృతం గురించి వీడియోలు చూసే ఉంటారు. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పెండ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, పిడికెడు గట్టు మట్టి కలిపి రెండు రోజులు మురగబెట్టి ఎకరాకు పారించడం. సుభాష్ పాలేకర్ చెప్పిన ఆ పద్ధతి మంచిదే, చేయండి. అయితే నేలలో ఆకు, చొప్ప, పేడ అంటూ ఏమీ లేకుండా ఉత్త జీవామృతం పోస్తే చెల్క మారదు. అది తోడు మాత్రమే, పాలు ముందు ఉండాలి కదా. జనుము, జీలుగ వేసి పూతకు ముందే కలియదున్నడం, ఎండాకాలం చేలో గొర్ల మంద పెట్టించడం, ఈ రెండూ పాత పనులే, వీడియోల్లో కనిపించవు. మంద పెట్టినాయనకు గింజలో, పైసలో ఇచ్చుకుంటే రాత్రికి రాత్రి చేనంతా ఎరువు పడుతుంది. మందులు మానేశాక మొదటి రెండు మూడేళ్లు దిగుబడి తగ్గుతుంది. నాన్న రోజూ అదే మాట ఎత్తి చూపుతారు, అందుకు సిద్ధపడి రండి. ఆయన నోరు మూయించాలని చూడకుండా ఆయనకు ఒక ఎకరం ఆయన పద్ధతికే వదిలేయండి. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.

పురుగుకు 100 లీటర్ల నీళ్లకు 5 కిలోల వేపగింజల పప్పు దంచి, రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టండి. వేపకాయలు వానాకాలం మొదట్లో రాలుతాయి, అప్పుడే ఏరి నీడలో ఎండబెట్టుకోవాలి. కావలసినప్పుడు వెతికితే దొరకవు.

పురుగు కంటే పెద్ద బాధ కోతులు, అడవిపందులు, నెమళ్లు. ఇది ఎవరూ ముందు చెప్పరు. కోతుల వల్ల కూరగాయలు, పల్లి మానేసిన ఊళ్లు మన దిక్కున ఎన్నో. కాబట్టి కూరగాయల మడి, పల్లి చెక్క ఇంటికి ఆనుకునే ఉండాలి, కుక్కలు ఉండాలి, పగలు ఎవరో ఒకరు అక్కడ మెదులుతూ ఉండాలి. ఊళ్లో ఇల్లు పెట్టుకుని పొలానికి బండి మీద వచ్చిపోతానంటే కోతులకు పండించినట్టే. కోతులు పెద్దగా ముట్టనివి ఆముదం, పసుపు, మిరప, కాకర. దూరపు చెక్కల్లో ఆముదమే వేసుకోండి. పందులకు సోలార్ కంచె పెట్టుకోవచ్చు, అది ఝలక్ ఇస్తుంది కానీ చంపదు. మెయిన్ లైన్ నుంచి కరెంటు తీగ లాగి పెట్టే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. దాని మీద పడి పక్క చేను మనుషులు చచ్చిపోయారు, పెట్టినవాళ్లు జైలుకు పోయారు.

ఇక పైసలు. హైదరాబాద్‌లో కిరాయి, పెట్రోలు, బయటి తిండి తీసేస్తే మీ ఖర్చు ఎంత మిగులుతుందో ఆరు నెలలు రాసి చూడండి. పప్పు, నూనె, పాలు, కూరగాయలు పొలం ఇస్తుంది. ఫీజులు, మందులు, ఫోన్లు, బట్టలు, చుట్టాల ఇళ్లలో పెళ్లిళ్లకు పెట్టుపోతలు పొలం ఇవ్వదు. పల్లెలో బతకడం చవక అనుకుంటారు, పెట్టుపోతల దగ్గరికి వచ్చేసరికి పట్నం కంటే ఎక్కువ అవుతుంది, మొహమాటం ఎక్కువ కదా. సర్కారు ఇచ్చే రైతు భరోసా ఎకరాకు ఏడాదికి 12 వేల చొప్పున మీ భూమికి 39 వేలు, అదీ నాన్న ఖాతాలో. ఒక్కోసారి ఆలస్యంగా పడుతుంది, దాన్ని విత్తనాల డబ్బు అనుకోవద్దు. మీ ఆవిడకు గానీ మీకు గానీ నెలకు ఎంతో కొంత ఖాయంగా వచ్చే పని ఒకటి ఉండాలి. ట్యూషన్ కావచ్చు, మీ సేవ కావచ్చు, మీ కంపెనీ పనే ఇంటి నుంచి సగం కావచ్చు. దీన్ని ఓటమి అనుకోకండి, మూడెకరాల మీద బతికే ఇళ్లన్నీ ఏదో ఒక చిన్న ఆదాయం పక్కన పెట్టుకున్నవే. ఆరోగ్యశ్రీ 2023 డిసెంబర్ నుంచి 10 లక్షల దాకా ఉంది, అయినా కంపెనీ ఇన్సూరెన్స్ పోయే ముందే ఇంటిల్లిపాదికీ సొంత పాలసీ తీసుకోండి. అమ్మానాన్న వయసు చూస్తే నాకు అక్కడే టెన్షన్.

పిల్లల చదువుకు భయపడి చాలామంది ఆగిపోతారు. పెద్దమ్మాయి నాలుగు చదువుతోందన్నారు, ఐదో తరగతికి గురుకులాల ప్రవేశ పరీక్ష, ఆరో తరగతికి నవోదయ పరీక్ష ఉంటాయి. నల్లగొండకు చలకుర్తి నవోదయ, పాలమూరుకు వట్టెం నవోదయ. 1971లో మొదలైన సర్వేల్ గురుకులం మీకు దూరమేం కాదు, అది మగపిల్లల బడి, చిన్నవాడికి ముందు ముందు పనికొస్తుంది. సీటు రాకపోతే ఏం చేస్తారో కూడా ముందే అనుకోండి.

మీ ఉత్తరంలో మీ ఆవిడ మాట ఒక్కటి లేదు. సాదాసీదా బతుకు అని మనం అంటాం గానీ ఆ బతుకులో తెల్లారకముందు పెండ తీసి, పాలు పిండి, రొట్టెలు కొట్టి, మళ్లీ కలుపుకు పోయేది ఆడవాళ్లే. కైకిలి మనుషులు దొరకరు, దొరికినా మూడెకరాలకు కూలీ ఇచ్చి గిట్టదు. పక్కింటి వాళ్ల పొలానికి మీరు, మీ పొలానికి వాళ్లు పోయే బదులు పనికి ఆమె కూడా ఒప్పుకోవాలి. రొట్టెలు కొట్టడం, పాలు పిండడం మీరూ నేర్చుకోండి. ఆమెకు ఇష్టం లేకపోతే మీరు ఒక్కరే వారానికి రెండు రోజులు వచ్చిపోతూ చెట్లు, కందకాలు చూసుకోండి, కూరగాయల జోలికి పోవద్దు.

భూమి మీద రూపాయి పెట్టే ముందు కాగితం పని చూసుకోండి. మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే పంపకం మాట ఇప్పుడే తేల్చుకోవాలి. మీరు చెరువు మట్టి తోలి, చెట్లు పెంచి, పదేళ్లకు బాగుచేశాక ఆ మాట వస్తే ఎవరికీ మంచిది కాదు. నాన్న ఇష్టపడితే కొంత భూమి మీ పేరు మీద పట్టా చేయించుకోండి. రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారులకే, 5 లక్షలు. నాన్న ఆ వయసు దాటి ఉంటారు కాబట్టి ఇప్పుడు మీ ఇంట్లో ఎవరికీ అది లేనట్టే.

అమ్మకం గురించి ఎక్కువ ఆలోచించకండి. మీ ఆఫీసులో పాతిక మంది ఉన్నారు కదా, కందిపప్పు, పల్లినూనె, జొన్నపిండి, సీతాఫలాలు, నాటుకోడి గుడ్లు వాళ్లకే చాలవు. కందులు కందులుగా అమ్మితే వ్యాపారి చెప్పిన ధర. విసుర్రాయి మీదో చిన్న మరలోనో పప్పు చేసి అమ్మితే మీరు చెప్పిన ధర. 2025-26కు కందికి మద్దతు ధర క్వింటాకు 8 వేలు ఉంది, దాన్ని ఆధారంగా పెట్టుకుని మీ పప్పు ధర కట్టుకోండి. ఆర్గానిక్ అని స్టిక్కర్ వేయకండి, సర్టిఫికెట్ లేకుండా వేస్తే చిక్కు. వాళ్లను ఒకసారి చేనుకు పిలిచి భోజనం పెట్టండి, సరిపోతుంది.

ఉగాదికి రావడం తొందర. ఉద్యోగంలో ఉండగానే ఈ ఎండాకాలం కందకాలు తవ్వించండి, వానాకాలం గెట్ల మీద చెట్లు పెట్టండి, జొన్న, కంది నాన్నతో వేయించండి. అప్పులేమైనా ఉంటే జీతంలోనే తీర్చేయండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూశాక రాజీనామా రాయండి.

మేలో వచ్చినప్పుడు ఒక పని చేయండి. 200 లీటర్ల డ్రమ్ము బోరు కింద పెట్టి ఎన్ని నిమిషాల్లో నిండుతుందో చూడండి. నాలుగు నిమిషాలు పడితే గంటకు 3 వేల లీటర్లు. నీళ్లు ఆగి ఆగి పోయడం మొదలయ్యేదాకా ఎన్ని గంటలు ఏకధాటిగా పోస్తుందో కూడా రాసుకోండి. ఐదు గంటలు పోస్తే రోజుకు 15 వేల లీటర్లు. ఎండాకాలం ఐదారు గుంటల కూరగాయలకు డ్రిప్పుతో రోజుకు 3 వేల లీటర్ల దాకా కావాలి, పశువులకు, ఇంటికి ఇంకో వెయ్యి. మిగిలింది పక్క గుంటల పచ్చిగడ్డికి. ఆ రెండు అంకెలూ, అలాగే నీటి ఫ్లోరైడ్ పరీక్ష కాగితం ఇక్కడ రాయండి. వరి మడి పది గుంటలా, అసలు వద్దా అన్నది అప్పుడు చెప్తాను.